విల్లు ఉంది, రిజిస్టర్ కాలేదు, వాటాదారుల్లో మైనర్ ఉన్నాడు: ఫ్లాటు అమ్మడం ఎలా?

అడిగినవారు: వేమూరు రోడ్డు

కుటుంబం తెనాలిది. ఇంటి పెద్దాయన 2025 ఆగస్టులో పోయారు. ఇప్పుడు ఉన్నది భార్య (66), పెద్ద కొడుకు, అమెరికాలో ఉన్న కూతురు, 2021లో చనిపోయిన చిన్న కొడుకు భార్య, ఆమె తొమ్మిదేళ్ల కొడుకు.

తెనాలిలో ఇల్లు, హైదరాబాదులో ఫ్లాటు పెద్దాయన స్వార్జితం. 2 ఎకరాల 40 సెంట్ల మాగాణి మాత్రం 1978లో తండ్రితో, అన్నదమ్ములతో జరిగిన పిత్రార్జితం పంపకాల్లో వచ్చింది. బ్యాంకులో 18 లక్షల డిపాజిట్ ఉంది, నామినీ పెద్ద కొడుకు.

2022లో తెల్ల కాగితం మీద ఆయనే చేత్తో రాసుకున్న విల్లు ఉంది. రిజిస్టర్ కాలేదు. సాక్షులిద్దరిలో ఒకరు పోయారు, రెండో ఆయనకి 74. ఇల్లు, నగదు, డిపాజిట్లు భార్యకి. పొలం పెద్ద కొడుక్కి. ఫ్లాటు కూతురికీ మనవడికీ చెరిసగం. "మైనరుకు నా పెద్ద కుమారుడు గార్డియనుగా వ్యవహరించవలెను" అని ఒక వాక్యం కూడా ఉంది. విల్లు అమలు చేయాల్సింది ఎవరో రాయలేదు.

ఫ్లాటు అమ్మేద్దామని అందరూ అనుకుంటున్నారు. దస్తావేజులు రాసే ఆయన రిజిస్టర్ కాని విల్లు చెల్లదన్నారు. కొనడానికి వచ్చినవాళ్ల వకీలు ప్రొబేట్ (విల్లు నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెమ్మన్నారు. బ్యాంకులో డబ్బు నామినీదే అన్నారు. పిల్లాడి తరఫున వాళ్ల పెదనాన్న సంతకం పెడితే చాలని ఇంకొకరు. ఇందులో ఏది నిజం? ఏ పని ముందు మొదలుపెట్టాలి?

జవాబు 1: సాక్షి సంతకం

నాలుగు మాటల్లో ఒక్కటీ పూర్తిగా నిజం కాదు. విల్లు సంగతి ముందు చెప్తాను, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి.

విల్లుకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నోటరీ అక్కర్లేదు. భారత వారసత్వ చట్టం 1925 సెక్షన్ 63 అడిగేది ఇంతే: రాసిన మనిషి సంతకం చేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకం చేయడం కళ్లారా చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన తమతో చెప్పి ఉండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే వాళ్లు సంతకాలు చేయాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండాలన్న నియమం లేదు.

రాయడం అంత తేలిక. చిక్కంతా రుజువు చేయడంలో ఉంది. సంతకం చేసిన సాక్షుల్లో బతికున్నవాళ్లు, కోర్టుకి రాగలిగినవాళ్లు ఉంటే కనీసం ఒకరైనా వచ్చి సాక్ష్యం చెప్పకుండా విల్లుని కోర్టు తీసుకోదు. పాత సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 68, 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 67. ఒక్కరు చాలు. కానీ ఆ ఒక్కరూ తాను సంతకం చేసిన సంగతి ఒక్కటే చెప్తే సరిపోదు, రెండో సాక్షి చేసిన సంగతి కూడా చెప్పగలగాలి. "ఆయన ఎప్పుడు చేశాడో నాకు తెలియదు" అన్నాడంటే కేసు అక్కడే కుంటుపడుతుంది.

కాబట్టి మీ దగ్గరున్న అసలు ఆస్తి ఆ 74 ఏళ్ల సాక్షే. ఆయన కూడా లేకపోతే చేతిరాత, సంతకాలు పోల్చి నిరూపించుకోవాలి. దారి ఉంది గానీ గతుకుల దారి. ఆయన ఆరోగ్యం బాగున్నప్పుడే కోర్టులో చెప్పించండి. మంచం పట్టి ఉంటే అడ్వొకేట్ కమిషనర్ ఇంటికే వెళ్లి వాంగ్మూలం తీసుకునే ఏర్పాటు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26లో ఉంది. నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి పెట్టుకుంటే సరిపోతుందనుకోకండి. అడ్డుతగిలేవాడు ఎదురు ప్రశ్నలు (క్రాస్) వేస్తానంటే ఆ కాగితం ఆయన తరఫున మాట్లాడదు.

రిజిస్టర్ అయిన విల్లుని కూడా ఇలాగే రుజువు చేసుకోవాలి. రిజిస్ట్రేషన్ వల్ల నకిలీ అన్న అనుమానం తగ్గుతుంది, అంతకు మించి ఏమీ కాదు. రాసినాయన ఆరోగ్యం బాగాలేకపోవడం, ఎక్కువ లాభం పొందేవాడే దగ్గరుండి రాయించడం, భార్యనో కూతుర్నో కారణం చెప్పకుండా వదిలేయడం, ఇలాంటివి ఉంటే వాటిని తొలగించే బరువు విల్లు తెచ్చినవాడిదే అని సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. ఇప్పటికీ విల్లు కేసుల్లో ఆ మాటే వినిపిస్తుంది. మీ విల్లు ఆయన చేతిరాతే, భార్యకీ పిల్లలకీ అందరికీ ఏదో ఒకటి ఉంది. కాబట్టి బలంగానే ఉంది.

జవాబు 2: గుంటూరు కారం తక్కువ

ప్రొబేట్ గురించి. ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ హిందువుల విల్లుకి ప్రొబేట్ తప్పనిసరి కాదు, ఎప్పుడూ కాలేదు. ఆ నిబంధన మద్రాసు, బొంబాయి నగరాలకీ పాత బెంగాలుకీ సంబంధించింది. చెన్నైలో స్థలం ఉన్న నెల్లూరు వాళ్లకి అది తగిలేది. 2025 డిసెంబరులో పార్లమెంటు వారసత్వ చట్టంలోని ఆ సెక్షన్ 213నే ఎత్తేసింది. కొనేవాళ్ల వకీలు అలవాటు కొద్దీ అడిగుంటారు.

అయినా మీ కేసులో కోర్టుకి వెళ్లమనే అంటాను. కోర్టు ఒకసారి ఉత్తర్వు ఇచ్చాక ఆ విల్లు నిజమైనదన్న మాట కుటుంబంలో ఉన్నవాళ్లకే కాదు, లోకానికంతటికీ వర్తిస్తుంది. సాక్షి 74 ఏళ్ల మనిషి. వారసుల్లో మైనర్ ఉన్నాడు, వాడు ఈరోజు ఒప్పుకోలు సంతకం చేయలేడు.

పేరు మాత్రం ప్రొబేట్ కాదు. అమలుకర్తగా విల్లులో పేరు ఉన్న మనిషికే ప్రొబేట్ ఇస్తారు. మీ విల్లులో ఎవరూ లేరు. విల్లు జతచేసి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (విల్లు ప్రకారం ఆస్తి వ్యవహారాలు నడిపే అధికారం ఇచ్చే కోర్టు ఉత్తర్వు) అడగాలి. పిటిషన్‌లో చనిపోయిన తేదీ, వారసులందరి పేర్లు, చిరునామాలు, ఆస్తుల విలువ ఉండాలి. అసలు విల్లు జతచేయాలి. సాక్షి దొరికే పరిస్థితి ఉంటే పిటిషన్ కింద ఆయన కూడా ధ్రువీకరణ సంతకం చేయాలి. తర్వాత వారసులకి నోటీసులు, పత్రికా ప్రకటన. అందరూ ఒప్పుకోలు అఫిడవిట్లు ఇస్తే నెలల్లో తేలుతుంది. ఒక్కరు అడ్డం తిరిగితే అదే మామూలు దావాగా మారుతుంది, ఇక ఎన్నేళ్లో చెప్పలేం. గడువు విషయంలో అడిగే హక్కు పుట్టినప్పటి నుంచి మూడేళ్ల లిమిటేషన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. తాత్సారం చేయకండి.

ఇప్పుడు చాలామంది చూసుకోని మెలిక. ఇల్లు తెనాలిలో, ఫ్లాటు హైదరాబాదులో. జిల్లా కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఆ రాష్ట్రం వరకే పనిచేస్తుంది. బయటి రాష్ట్రంలోని ఆస్తి విలువ 10,000 రూపాయలు దాటకపోతేనే దానికి మినహాయింపు, ఆ అంకె ఏ కాలం నాటిదో చూడండి! 2014 జూన్‌కి ముందు తెనాలి, హైదరాబాదు ఒకే రాష్ట్రం కాబట్టి ఈ గొడవే లేదు. ఇప్పుడు గుంటూరు జిల్లా కోర్టు ఉత్తర్వు పట్టుకుని హైదరాబాదులో ఫ్లాటు అమ్మబోతే పని కాదు. హైకోర్టు ఇచ్చే ఉత్తర్వు ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది, హైకోర్టుకి జిల్లా కోర్టుతో సమానంగా ఈ అధికారం ఉంది (వారసత్వ చట్టం సెక్షన్లు 273, 300). లేదంటే ఫ్లాటు ఉన్న తెలంగాణ జిల్లా కోర్టులోనే ఫ్లాటు కోసం వేసుకోవడం. అమ్మేది ఫ్లాటే కాబట్టి ఇదే దగ్గరి దారి.

జవాబు 3: హద్దురాయి

పై ఇద్దరూ పొలం మాట ఎత్తలేదు. గొడవ వస్తే అక్కడి నుంచే వస్తుంది.

1978 పంపకాల్లో పిత్రార్జితంగా వచ్చింది అన్నారు. అలా వచ్చిన భూమిలో పిల్లలకి పుట్టుకతో హక్కు ఉంటుంది. 2005 సవరణ తర్వాత కూతురికీ కొడుకులతో సమానంగానే. పెద్దాయన మొత్తం 2 ఎకరాల 40 సెంట్లకి విల్లు రాశారు గానీ రాయగలిగింది తన వాటాకే. లెక్క ఇలా:

240 సెంట్లు నాలుగు వంతులు. పెద్దాయన 60, పెద్ద కొడుకు 60, కూతురు 60, చిన్న కొడుకు శాఖ 60. విల్లు వల్ల పెద్ద కొడుక్కి వచ్చేది పెద్దాయన 60 మాత్రమే, తన సొంత 60తో కలిపి 120. చిన్న కొడుకు శాఖలోని 60లో 30 పిల్లాడికి పుట్టుకతోనే. చిన్న కొడుకు వాటా అయిన మిగతా 30 ఆయన 2021లో విల్లు లేకుండా పోయి ఉంటే భార్యకీ కొడుక్కీ తల్లికీ తలా 10. అంటే పిల్లాడికి 40 సెంట్లు, వాళ్లమ్మకి 10, నాయనమ్మకి 10.

1978 కాగితం మళ్లీ చదవండి. ఆ భూమి ముత్తాతల నుంచి వచ్చిందా, లేక పెద్దాయన తండ్రి సొంతంగా కొని కొడుకులకి పంచారా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోవచ్చు. 1956 తర్వాత తండ్రి స్వార్జితం ఆయన మరణంతో వారసత్వంగా వచ్చి ఉంటే అది వచ్చినవాడి సొంతమే, పిల్లలకి పుట్టుహక్కు లేదు (1986 చందర్ సేన్ తీర్పు). తెలుగునాట దస్తావేజుల్లో "పిత్రార్జితం" అన్న మాట ఈ రెంటికీ ఇష్టారాజ్యంగా వాడేస్తారు, అందుకే మాటని కాదు, లింకు డాక్యుమెంట్లని (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపించే పాత దస్తావేజులని) నమ్మాలి.

ఇంకోటి. ప్రొబేట్ కోర్టు విల్లు నిజమా కాదా అని మాత్రమే చూస్తుంది. ఆస్తి రాసినాయనదా కాదా అన్నది అక్కడ తేలదు. కోర్టు ఉత్తర్వు వచ్చింది కదా అని పెద్ద కొడుకు 240 సెంట్లకీ మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) పెట్టించుకుంటే రేపు పార్టిషన్ దావా వస్తుంది. పాస్ పుస్తకంలో పేరెక్కినంత మాత్రాన హక్కు రాదు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా ఎవరెవరు ఉన్నారో చెప్తుంది, ఎవరికెంతో చెప్పదు.

వేమూరు రోడ్డు:

పొలం లెక్క కళ్లు తెరిపించింది. 1978 దస్తావేజులో ముత్తాత పేరు ఉంది, కాబట్టి మొదటి లెక్కే వర్తించేలా ఉంది. పిల్లాడి సంతకం, బ్యాంకు సంగతి ఎవరైనా చెప్తారా?

జవాబు 4: పద్దెనిమిది నిండాక

బ్యాంకు సంగతి చిన్నది. నామినీ అంటే డబ్బు తీసుకుని రసీదు ఇచ్చే మనిషి, యజమాని కాదు. 1983లో సుప్రీంకోర్టు తేల్చిన శర్బతీ దేవి కేసు నుంచి ఇదే మాట. బ్యాంకు 18 లక్షలూ పెద్ద కొడుక్కి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు, అది సక్రమమే. ఆయన మాత్రం విల్లు ప్రకారం తల్లికి ఇవ్వాలి. నామినీ ఉన్నచోట బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ (కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం) అడగకూడదు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చమని రిజర్వ్ బ్యాంక్ 2025 సెప్టెంబరు ఆదేశాల్లో చెప్పింది. నగదు నేరుగా తల్లి ఖాతాకి బదిలీ చేసి, "విల్లు ప్రకారం" అని కాగితం మీద రాసుకోవడం మంచిది.

ఇక పిల్లాడు. విల్లులోని "పెద్ద కుమారుడు గార్డియను" వాక్యం చెల్లదు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956 ప్రకారం విల్లు ద్వారా గార్డియన్‌ని పెట్టే హక్కు తండ్రికీ తల్లికీ ఉంది, తాతకి లేదు. తండ్రి పోయాక తల్లే సహజ గార్డియన్. కాబట్టి పెదనాన్న సంతకం పనికిరాదు. ఆయన్ని వాస్తవ గార్డియన్ అందామన్నా, అలాంటి మనిషికి మైనర్ ఆస్తి అమ్మే అధికారమే లేదని సెక్షన్ 11 అంటుంది.

అలాగని తల్లి సంతకం కూడా ఒక్కటే చాలదు. సెక్షన్ 8 ప్రకారం సహజ గార్డియన్ కోర్టు అనుమతి లేకుండా మైనర్ స్థిరాస్తిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, దానం ఇవ్వకూడదు, ఐదేళ్లకి మించి లీజుకీ ఇవ్వకూడదు. అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం వెంటనే రద్దు కాదు, పిల్లాడు పెద్దయ్యాక కాదంటే రద్దవుతుంది. 18 నిండాక మూడేళ్లు, అంటే 21 వరకూ ఆ కత్తి కొన్నవాడి మెడ మీద వేలాడుతుంది. దావానే వేయనక్కర్లేదని, పిల్లాడు మేజర్ అయ్యాక అదే ఆస్తిని వేరొకరికి అమ్మడం లాంటి చేతతో కూడా కాదనవచ్చని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో చెప్పింది. అందుకే హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకుల లీగల్ వాళ్లు ఈ ఒక్క పాయింటు మీదే ఫైలు వెనక్కి పంపిస్తారు.

పిటిషన్ వేయాల్సింది ఫ్లాటు ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడ. పిల్లాడు తెనాలిలో ఉంటున్నాడు కదా అని గుంటూరులో వేయకండి. గార్డియన్‌ని నియమించమని అడిగే పిటిషన్‌కి పిల్లాడి నివాసం చూస్తారు, ఆస్తి అమ్మే అనుమతికి ఆస్తి ఉన్న చోటు చూస్తారు. హైదరాబాదు అని నోటితో అనేస్తాం గానీ, ఫ్లాటు మేడ్చల్-మల్కాజ్‌గిరి లేదా రంగారెడ్డి జిల్లాలోకి వస్తే సిటీ సివిల్ కోర్టు తీసుకోదు.

జతచేయాల్సినవి: పిల్లాడి జనన ధ్రువపత్రం, తండ్రి, తాతల మరణ ధ్రువపత్రాలు, విల్లు లేదా దాని మీద కోర్టు ఉత్తర్వు, ఫ్లాటు దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే మార్కెట్ విలువ ధ్రువపత్రం, కొనేవాళ్లతో రాసుకున్న ధర. ఎందుకు అమ్మాలి అన్న పేరా మీదే అనుమతి ఆధారపడుతుంది. అవసరం, లేదా పిల్లాడికి స్పష్టమైన లాభం, ఈ రెంటిలో ఒకటి చూపించాలి. "అందరం అమ్మాలనుకుంటున్నాం" అంటే కోర్టు వినదు. నెలకి వచ్చే అద్దె ఎంత, మెయింటెనెన్స్, పన్ను పోను పిల్లాడికి మిగిలేది ఎంత, అదే అతని సగం డబ్బు డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ ఎంత, స్కూలు ఫీజు ఎంత: ఈ అంకెలు పక్కపక్కన పెట్టండి. అనుమతి ఇస్తే మామూలుగా పిల్లాడి సగాన్ని జాతీయ బ్యాంకులో అతని పేర మేజర్ అయ్యేదాకా డిపాజిట్ చేయమంటారు, వడ్డీ చదువుకి తీసుకోనిస్తారు. కొనేవాళ్లకి ఇది ముందే చెప్పండి. అగ్రిమెంటులో "కోర్టు అనుమతి వచ్చిన ఇన్ని రోజుల్లో రిజిస్ట్రేషన్" అని ఉండాలి. క్యాలెండర్ తేదీ రాసుకుంటే అడ్వాన్సు దగ్గర తగువు ఖాయం.

జవాబు 5: డాలస్ పెరుగన్నం

కూతురి వైపు మూడు మాటలు. రాలేకపోతే అన్నయ్యకి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అక్కడి కాన్సులేట్‌లో గానీ, నోటరీ చేయించి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించి గానీ. ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. డ్రాయర్లో పెట్టి మర్చిపోతే జరిమానా.

పెద్దాయన బతికుండగా ఎవరికైనా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చి ఉంటే దాన్ని వాడొద్దు. ఇచ్చిన మనిషి పోగానే అది సాధారణంగా చెల్లకుండా పోతుంది.

పన్ను: ఆమె ఎన్నారై కాబట్టి ఆమె సగం మీద కొనేవాడు 1 శాతం టీడీఎస్ కోసి ఊరుకుంటే కుదరదు, ఎన్నారై రేటు వర్తిస్తుంది. అసలు లాభం తక్కువ ఉంటే తక్కువ కోతకి ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ రిజిస్ట్రేషన్‌కి ముందే తెచ్చుకోవాలి. పొలంలో ఆమె 60 సెంట్లు ఉంచుకోవచ్చు. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు గానీ వారసత్వంగా వచ్చింది ఉంచుకోవడానికి అడ్డు లేదు.

వేమూరు రోడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి. ఇప్పుడు నాయనమ్మ కూడా విల్లు రాద్దామనుకుంటున్నారు. తెనాలి ఇంట్లో సగం ఈ మనవడికే ఇవ్వాలని. మళ్లీ ఇదే చిక్కు రాకుండా ఎలా రాయాలి?

జవాబు 6: సాక్షి సంతకం

గార్డియన్ అన్న మాట వాడకండి, ట్రస్టీ అనండి. విల్లులోనే ఆ సగం ఇంటికి ఒక ట్రస్టు పెట్టవచ్చు. స్థిరాస్తి ట్రస్టుకి మామూలుగా రిజిస్టర్ దస్తావేజు కావాలి, విల్లు ద్వారా పెడితే అక్కర్లేదు. అప్పుడు ఆస్తి ట్రస్టీ పేర ఉంటుంది, అమ్మే అధికారం విల్లులోనే రాసిస్తే సెక్షన్ 8 అనుమతి గొడవ రాదు. ఉదాహరణకి ఇలా రాయవచ్చు: "నా మనుమని వాటాను అతనికి 21 సంవత్సరములు నిండువరకు ఫలానావారు ట్రస్టీగా ఉంచుకొని, అద్దెను అతని చదువునకు, పోషణకు వినియోగించవలెను. అవసరమైనచో అమ్మి, ఆ సొమ్మును బ్యాంకునందు ఉంచు అధికారము ట్రస్టీకి కలదు. ట్రస్టీ లేనిచో ఆ స్థానమున ఫలానావారు." ఆ రెండో పేరు మరవకండి. అమలుకర్త పేరు విడిగా రాయాలి, ట్రస్టీయే అమలుకర్త అయినా పర్వాలేదు.

సాక్షులు ఆమెకన్నా కనీసం ఇరవై ఏళ్లు చిన్నవాళ్లైతే మంచిది. లాభం పొందేవాళ్లు వద్దు. హిందువుల విల్లులో లబ్ధిదారు సాక్షి అయినంత మాత్రాన ఆ భాగం రద్దు కాదు, క్రైస్తవుల విల్లులో మాత్రం రద్దవుతుంది. హిందువులకైనా అనుమానానికి చోటెందుకు?

చివర్లో సాక్షుల వాక్యం పూర్తిగా రాయండి: "పై విల్లుపై ఆమె మా ఇరువురి ఎదుట సంతకము చేయగా చూచి, ఆమె ఎదుట మేమును సంతకములు చేసితిమి." ఉత్త "సాక్షులు: 1, 2" అని వదిలేస్తే పదేళ్ల తర్వాత బోనులో ఎవరు ఎవర్ని చూశారో గుర్తుండదు. రాసిన దస్తావేజు లేఖరి సంతకం, సబ్ రిజిస్ట్రార్ దగ్గర మనిషిని గుర్తుపట్టినవాళ్ల సంతకాలు దీనికి బదులు కావు. డాక్టరు ధ్రువపత్రం అదే రోజు తేదీతో తీసుకోండి, ముందు వారంది కాదు.

రిజిస్టర్ చేయిస్తే మంచిదే. నడవలేకపోతే సబ్ రిజిస్ట్రార్‌ని ఇంటికి రప్పించుకోవచ్చు. ఇంట్లో ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర పెట్టవచ్చు. విల్లులు మూడో పుస్తకంలో ఎక్కుతాయి, ఈసీలో కనపడవు. ఆమె బతికున్నంతకాలం ఆ నకలు ఆమెకో ఆమె పంపిన మనిషికో తప్ప ఇవ్వరు. తర్వాత మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు, కాబట్టి కోడలి మీద కోపం కొడుకు మీద నిష్ఠూరం లాంటివేవీ అందులో రాయొద్దని చెప్పండి.

జవాబు 7: హద్దురాయి

ఒక్క చేర్పు. పొలంలో ఆమెకి వచ్చిన 10 సెంట్లు కూడా విల్లు షెడ్యూల్లో (ఆస్తుల జాబితాలో) వేయించండి, సర్వే నంబరుతో సహా. ఇల్లు ఒక్కటే రాసి అది వదిలేస్తే ఆ పది సెంట్లకి మళ్లీ వారసులందరూ సంతకాలు పెట్టాలి.